మలుపులో మెలిపడే కడ్డీ

మీరు బస్సులో ప్రయాణం చేస్తున్నారనుకోండి. బస్సు వేగంగా కుడివైపుకు మలుపు తిరిగింది. మీ శరీరం ఎటు ఒరుగుతుంది? ఎడమవైపుకు! మీరొక్కరే కాదు, డ్రైవరు ముందు వేలాడే పూలదండ, పైన కట్టిన సామాను, చివరకు బస్సు కూడా ఎడమవైపుకే ఒరుగుతాయి.

కారణం మీకు తెలిసిందే. కదిలే వస్తువు తిన్నగా పోవాలనే చూస్తుంది. దీన్నే జడత్వం అంటాం. రోడ్డుకూ టైర్లకూ మధ్య ఉన్న ఘర్షణ, చక్రాలను మలుపువైపు లాగుతుంది. కాని బాడీకి రోడ్డుతో నేరుగా సంబంధం లేదు. అది స్ప్రింగుల మీద కూర్చుని ఉంది. అందువల్ల మలుపుకు బయటివైపున్న స్ప్రింగులు అణుగుతాయి, లోపలివైపువి సాగుతాయి, బాడీ పక్కకు ఒరుగుతుంది. కారయినా ఇంతే.

మరి స్ప్రింగులను బాగా గట్టివి వేస్తే ఈ ఒరుగుడు తగ్గదా? తగ్గుతుంది. కాని అప్పుడు రోడ్డు మీది ప్రతి గుంటా ప్రయాణికుల నడుముకు తెలిసిపోతుంది. స్ప్రింగులే లేని ఎడ్లబండిలో పదిమైళ్లు పోయినవారిని అడగండి, చెబుతారు! ప్రయాణం మెత్తగానూ ఉండాలి, మలుపులో బండి ఒరగనూ కూడదు. ఈ చిక్కు విడదీసేది వంచిన ఒక ఉక్కు కడ్డీ. కెనడాలోని ఫ్రెడరిక్టన్ పట్టణానికి చెందిన స్టీఫెన్ కోల్మన్ ఇలాంటి కడ్డీకి 1919లో పేటెంటు పొందాడు. దీన్ని అమెరికాలో స్వే బార్ అనీ, ఇంగ్లాండులో యాంటీ రోల్ బార్ అనీ అంటారు. మన మెకానిక్కులు స్టెబిలైజర్ బార్ అంటారు. మనం తేలికగా ‘కడ్డీ’ అనుకుందాం.

తీగతో ఒక ప్రయోగం

కడ్డీ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి కారు కిందికి దూరనక్కరలేదు. గట్టి ఇనుపతీగ ముక్క ఒకటి, సుమారు 40 సెంటీమీటర్లది తీసుకోండి. రెండు కొసలనూ 8 సెంటీమీటర్ల మేర ఒకే వైపుకు లంబకోణంలో వంచండి. నాలుగో భుజం లేని దీర్ఘచతురస్రం తయారవుతుంది. పొడుగు భుజాన్ని బల్ల అంచున ఉంచి, పొట్టి చేతులు రెండూ బల్ల బయటికి వచ్చేటట్లు చూడండి. పొడుగు భుజం పైకి లేవకుండా, కాని తిరగడానికి వీలుగా, మీ స్నేహితుణ్ణి రెండుచోట్ల వేళ్లతో పట్టుకోమనండి.

ఇప్పుడు రెండు చేతులనూ కలిపి పైకి ఎత్తండి. తీగ హాయిగా తిరుగుతుంది. ఏమీ అడ్డుచెప్పదు. తరువాత ఒక చేతిని కిందికి నొక్కిపట్టి, రెండోదాన్ని మాత్రం పైకి ఎత్తండి. ఈసారి తీగ ఎదురుతిరుగుతుంది! ఎందుకంటే, మధ్య భాగం మెలిపడితేగాని ఒక చేయి పైకి, మరొకటి కిందికి పోవడం సాధ్యం కాదు.

కారులో జరిగేదీ ఇదే. కడ్డీ మధ్య భాగాన్ని రబ్బరు బుష్షులతో కారు చట్రానికి పట్టిస్తారు. రెండు కొసలనూ ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌కు కలుపుతారు. ముందు చక్రాలు రెండూ కలిసి స్పీడ్ బ్రేకర్ ఎక్కాయనుకోండి. కడ్డీ ఊరికే తిరిగి ఊరుకుంటుంది, మెత్తదనం చెడదు. మలుపులో మాత్రం ఒకవైపు స్ప్రింగు అణిగి, మరొకవైపు సాగుతుంది కదా! కడ్డీ మెలిపడుతుంది. ఉక్కు స్థితిస్థాపకత గల లోహం కాబట్టి ఆ మెలికను విప్పుకోవాలని చూస్తుంది. ఆ ప్రయత్నంలోనే బాడీని తిరిగి చదునుగా నిలుపుతుంది.

రెండు మిల్లీమీటర్ల మహిమ

కారుతోపాటు కంపెనీ ఇచ్చిన కడ్డీని తీసి, బజారులో దొరికే లావుపాటి కడ్డీని బిగించుకునే వాహన ప్రియులు చాలా దేశాలలో ఉన్నారు. “20 మిల్లీమీటర్లది తీసి 22 మిల్లీమీటర్లది వేశాను, అంతేగదా, రెండు మిల్లీమీటర్లే!” అని ఎవరైనా అంటే, మీరు కాగితం, పెన్సిలు తీసుకోండి.

మెలిపెట్టినప్పుడు గుండ్రని కడ్డీ చూపే గట్టిదనం, దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 22ను 20తో భాగిస్తే 1.1 వస్తుంది. 1.1ని నాలుగుసార్లు వేసి గుణిస్తే 1.46. అంటే రెండు మిల్లీమీటర్ల తేడాతో గట్టిదనం 46 శాతం పెరిగిందన్నమాట! 24 మిల్లీమీటర్లదయితే రెట్టింపు దాటుతుంది.

ఈ సూత్రం నుంచి మరో తమాషా కూడా పుడుతుంది. మెలికను ఎదిరించే పనిలో ఎక్కువ భాగం కడ్డీ పైపొరలే చేస్తాయి; నడిమి ఉక్కు చేసేది తక్కువ. అందుకని 25 మిల్లీమీటర్ల కడ్డీ నడుమ 15 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్నా, గట్టిదనంలో 87 శాతం మిగులుతుంది. బరువు మాత్రం 64 శాతానికి దిగుతుంది. గొట్టపు కడ్డీలు వాడడంలో రహస్యం ఇదే.

కొన్ని కడ్డీల చేతులకు రెండు మూడు రంధ్రాలుంటాయి. చక్రానికి కలిపే లింకును లోపలి రంధ్రానికి మార్చితే చేయి పొట్టిదవుతుంది, కడ్డీ గట్టిపడుతుంది. ఇక్కడ లెక్క వర్గాన్ని బట్టి నడుస్తుంది. 25 సెంటీమీటర్ల చేయి 20 అయితే, గట్టిదనం సుమారు 56 శాతం పెరుగుతుంది. కడ్డీని మార్చకుండానే!

కడ్డీ చేయలేని పని

ఇంతవరకు చదివాక మీకొక అభిప్రాయం కలగవచ్చు: కడ్డీ ఎంత లావుంటే అంత మంచిదని. ఒరుగుడు తగ్గితే టైర్ల పట్టు పెరిగినట్టేనని. చాలామంది పొరపడేది ఇక్కడే. లెక్క చేసి చూద్దాం.

1,000 కిలోల కారు, 40 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోందనుకుందాం. అప్పుడు దాన్ని మలుపులోకి లాగడానికి కావలసిన బలం, కారు బరువులో సుమారు సగం. కారు గరిమనాభి నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. ఎడమ, కుడి టైర్ల మధ్య దూరం 140 సెంటీమీటర్లు. లోపలి టైర్ల నుంచి బయటి టైర్ల మీదికి మారే భారం ఎంత? 500ను 50తో గుణించి 140తో భాగించండి. సుమారు 180 కిలోలు. మొదట చెరి 500 కిలోలు మోసిన రెండు పక్కలూ, మలుపులో 680, 320 కిలోలు మోస్తాయన్నమాట.

ఇప్పుడు ఈ లెక్కను మళ్లీ చూడండి. అందులో బరువుంది, వేగం ఉంది, ఎత్తుంది, వెడల్పుంది. కడ్డీ ఊసు ఎక్కడైనా ఉందా? లేదు! కడ్డీ బాడీ ఒరుగుడును తగ్గిస్తుందేగాని, బయటి టైర్ల మీదికి మారే మొత్తం భారాన్ని దాదాపు ఏమాత్రం తగ్గించలేదు.

మరి కడ్డీ మార్చితే కారు నడక ఎందుకు మారుతుంది? కడ్డీ చేసేది పంపకం. ఆ 180 కిలోలలో ముందు టైర్ల జతలో ఎంత మారాలి, వెనక జతలో ఎంత మారాలి అన్నది కడ్డీల గట్టిదనం మీద ఆధారపడుతుంది. ముందు 90, వెనక 90గా ఉన్న కారుకు ముందువైపు లావు కడ్డీ వేస్తే, అది ముందు 120, వెనక 60 కావచ్చు. ఏ జత గట్టిగా ఎదిరిస్తుందో ఆ జత మీదే ఎక్కువ పని పడుతుంది.

టైరు బలహీనత

పంపకం మారితే నష్టమేమిటి? టైరుకు ఒక బలహీనత ఉంది. మీద భారం పెరిగితే దాని పట్టు పెరుగుతుంది కాని, అదే నిష్పత్తిలో పెరగదు. అర్థం కావడానికి కొన్ని ఊహాసంఖ్యలు తీసుకుందాం. 250 కిలోలు మోసే టైరుకు 250 కిలోల పట్టు ఉందనుకోండి. అలాంటివి రెండు కలిస్తే 500. భారం మారి ఒకటి 400, మరొకటి 100 మోస్తున్నాయి. బరువెక్కిన టైరు పట్టు 400 కాక 360 మాత్రమే అయింది, తేలికపడినదానిది 110. మొత్తం 470. మోసే బరువు అంతే ఉన్నా, జతకున్న పట్టు 30 కిలోలు తగ్గింది!

అంటే ఏ ఇరుసుకు లావు కడ్డీ వేస్తే, ఆ ఇరుసు టైర్లే ముందుగా పట్టు కోల్పోతాయి. ముందువైపు మరీ గట్టిదయితే, స్టీరింగు ఎంత తిప్పినా కారు ముక్కు మలుపు తిరగక తిన్నగా పోతుంది. దీన్ని అండర్ స్టీర్ అంటారు. వెనకవైపు మరీ గట్టిదయితే, తోక బయటికి జారి కారు గిర్రున తిరుగుతుంది. ఇది ఓవర్ స్టీర్. మొదటి సందర్భంలో మామూలు డ్రైవరు తనకు తోచినట్టే యాక్సిలరేటరు వదిలితే, కారు చాలాసార్లు తిరిగి దారిలోకి వస్తుంది. రెండోదానిలో అదే పని చేస్తే తోక ఇంకా జారవచ్చు. అందుకే కంపెనీలు మామూలు కార్లను కాస్త ముందు జారేవిధంగానే తయారుచేస్తాయి.

ఒక కారు కథ

ఈ విషయం మీద అమెరికాలో పెద్ద రభస జరిగింది. షెవర్లే కంపెనీ 1960 మోడలుగా కోర్వేర్ అనే కారును విడుదల చేసింది. దాని ఇంజను వెనక ఉంది. బరువులో 60 శాతానికి పైగా వెనక చక్రాల మీదే. పైగా వాటి అమరిక ఎలాంటిదంటే, వేగంగా మలుపు తిరిగినప్పుడు బయటి వెనక చక్రం కారు కిందికి ముడుచుకునే వీలుంది. తోక జారే లక్షణం గల కారన్నమాట.

ముందువైపు ఒక కడ్డీ వేస్తే, మారే భారంలో ఎక్కువ వంతు ముందు టైర్లు తీసుకుని వెనకవాటికి ఊరట కలిగేది. కాని కంపెనీ మొదటి మోడళ్లకు ఆ కడ్డీని మామూలుగా అమర్చలేదు. దానికి బదులు ముందు టైర్లలో 15 పౌండ్లు, వెనక టైర్లలో 26 పౌండ్లు గాలి ఉంచాలని చెప్పింది. అంత తేడాగా గాలి కొట్టించాలని ఎందరు గుర్తుంచుకుంటారు? 1962లో అదనపు ధర చెల్లించేవారికి కడ్డీ దొరికింది. కొందరు యజమానులు వెనక చక్రాలు ముడుచుకోకుండా ఆపే స్ప్రింగు పట్టీని బయట కొని బిగించుకున్నారు. చివరికి 1964 మోడలులో ముందు కడ్డీ అన్ని కార్లకూ వచ్చింది. వెనక అడ్డంగా ఒక స్ప్రింగు పట్టీ కూడా చేరింది.

రాల్ఫ్ నేడర్ అనే న్యాయవాది 1965లో రాసిన ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ అనే పుస్తకంలో మొదటి అధ్యాయం ఈ కారు గురించే. మరుసటి సంవత్సరమే అమెరికాలో వాహనాల భద్రతకు చట్టం వచ్చింది. 1972లో ప్రభుత్వ సంస్థ ప్రకటించిన నివేదిక మాత్రం, ఆ కాలపు ఇతర కార్లకంటే కోర్వేర్ నడక అధ్వాన్నం కాదని తేల్చింది. వాదం ఎలా ఉన్నా, కారు కింద ఎవరికీ కనబడని కడ్డీ ఒకటి ఎంత చర్చకు దారితీసిందో చూశారా!

ఎలా ఎంచుకోవాలి?

కాబట్టి కడ్డీ కొనేవారు మొదట అడగవలసినది ‘ఎంత లావు?’ అని కాదు, ‘ఏ ఇరుసుకు?’ అని. దానికి జవాబు కారు ఇప్పుడు ఎటు జారుతోందన్నదానిలో ఉంది. ఇంజనూ, తిప్పే చక్రాలూ ముందే ఉన్న కార్లలో సాధారణంగా ముక్కు జారుతుంది. అలాంటివాటికి వెనక కడ్డీని కొద్దిగా గట్టిది వేస్తే నడక మెరుగవుతుంది. ముందుదాన్నే లావు చేస్తే, లోపలి ముందు చక్రం తేలికపడి ఊరికే గిరగిర తిరగవచ్చు. తోక జారే కారుకు వెనకవైపు లావు కడ్డీ వేయడమంటే అగ్నికి ఆజ్యం పోయడమే.

రెండో ప్రశ్న: రోడ్డు ఎలాంటిది? కడ్డీ ఎడమ, కుడి చక్రాలను కలిపి కడుతుంది. ఒక చక్రం గుంటలో పడితే ఆ కుదుపులో కొంత రెండోదానికీ అందుతుంది. గతుకుల రోడ్డు మీద మరీ గట్టి కడ్డీ, కారును పక్కలకు ఊపుతుంది. వాన కురిసి రోడ్డు జారుడుగా ఉంటే, పొడి రోడ్డు మీద బాగున్న కారే తోక జారవచ్చు.

మూడోది: పాత టైర్లు, అరిగిన బుష్షులు సరిచేశారా? రబ్బరు అరిగి వదులైతే, ఎంత మంచి కడ్డీ అయినా మెలిపడే ముందు కొంత దూరం ఊరికే కదులుతుంది. కంపెనీ లెక్కకట్టి కుదిర్చిన సమతూకాన్ని మార్చేటప్పుడు, లెక్క తెలిసినవారి సలహా తప్పనిసరి. ఒక్కొక్క మెట్టుగా మార్చి, వాహనాలు లేనిచోట నెమ్మదిగా పరీక్షించాలి.

నేటి కడ్డీలు

మలుపులో గట్టిగా, తిన్నని దారిలో మెత్తగా ఉండే కడ్డీ ఉంటే ఎంత బాగుంటుంది! అదీ వచ్చింది. 2001లో బీఎండబ్ల్యూ కంపెనీ తన 7 సిరీస్ కారులో, కడ్డీని రెండు ముక్కలు చేసి నడుమ నూనె ఒత్తిడితో తిరిగే మోటారును పెట్టింది. 2016లో ఆడీ కంపెనీ ఎస్‌క్యూ7 కారులో నూనెకు బదులు 48 వోల్టుల విద్యుత్ మోటార్లను వాడింది. మలుపు రాగానే మోటారు కడ్డీని ఎదురు మెలితిప్పుతుంది; తిన్నని దారిలో రెండు ముక్కలనూ స్వేచ్ఛగా వదిలేస్తుంది.

చివరగా మీకొక లెక్క. ముందు చెప్పిన ప్రయోగాన్ని 2 మిల్లీమీటర్ల తీగతోనూ, 3 మిల్లీమీటర్ల తీగతోనూ చేయండి. రెండూ ఒకే లోహం, ఒకే కొలతలు కావాలి. రెండో తీగ మొదటిదానికంటే ఎన్ని రెట్లు గట్టిగా ఎదురుతిరగాలి? ముందు కాగితం మీద లెక్కకట్టి, తరువాత మీ వేళ్లనే అడగండి!