బొగ్గయిన పుస్తకములు

ఇటలీదేశమున నేపుల్స్ చెంతనున్న హెర్కులేనియం పట్టణమును క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము పూడ్చివేసెను. ఆ పూడికలో ఒక సంపన్నుని భవనమును, అందలి గ్రంథశాలయు మరుగుపడెను. గ్రంథములన్న నేటివంటి పుస్తకములు కావు. పపైరస్ అను జమ్ముజాతి మొక్కతో చేసిన పొడవైన పత్రములను చుట్టిన చుట్టలు. పర్వతపు వేడికి అవి మండలేదు. గాలి సోకక మాడి బొగ్గయ్యెను. మాడకున్నచో ఆ తేమనేలలో ఎన్నడో క్రుళ్ళి మన్నయి యుండెడివి. అగ్ని పుస్తకమును కాపాడుట చరిత్రలో అరుదైన సంగతియే.

1752లో అవి బయల్పడినప్పుడు చూచినవారు కట్టెబొగ్గులనుకొని కొన్నింటిని పారవైచిరి. అక్షరములు కానవచ్చిన తరువాత మరియొక ఆపద మొదలయ్యెను. చదువవలెనన్న విప్పవలెను, విప్పినచో పొడియగును. కొందరు చుట్టను నిడివిగా కోసి, పైపొరలోని వ్రాతకు నకలు వ్రాసికొని, ఆ పొరను గీకివేసి క్రిందిదానిని చదివిరి. చదివిన పుట చదివినంతనే నశించెను. వారిని నిందించుట సులభము. అంతకంటె మేలైన తెరువు నాడు వారికి తెలియదు.

వాటికన్ గ్రంథాలయమునుండి 1753లో వచ్చిన ఆంటోనియో పియాజియో అను మతాచార్యుడు ఓర్పును నమ్ముకొనెను. చుట్ట వెనుకవైపున జంతువుల పలుచని పొరను జిగురుతో అంటించి, విడిన అంచును పట్టుదారములతో మెల్లమెల్లగా పైకి లాగుచుండెను. మొదటి చుట్టకే ఏండ్లు పట్టెను. అది ఫిలొడెమస్ అను తత్త్వవేత్త సంగీతమును గూర్చి రచించిన గ్రంథము. తరువాత ఆంగ్ల రసాయనవేత్త సర్ హంఫ్రీ డేవీ క్లోరిన్ వాయువును ప్రయోగించి చూచెను గాని ఫలితము స్వల్పము. వందలకొలది చుట్టలు విప్పక మిగిలెను.

ఎక్స్ కిరణములు చుట్టలోని మడతలను చూపగలవు. అక్షరములను మాత్రము చూపలేకపోయెను. సిరా మసితో చేసినది, పత్రము మాడి బొగ్గయినది. బొగ్గుపై బొగ్గుతో వ్రాసిన వ్రాతను వేరుచేయుటెట్లు? అమెరికాలోని ఆచార్యుడు బ్రెంట్ సీల్స్ ఈ చిక్కుతో అనేక సంవత్సరములు పెనగి, ఎక్స్ కిరణ చిత్రములలోని మడతలను కంప్యూటరుపై సాపుచేయు పద్ధతిని రూపొందించెను. సిరా ఉన్నచోట ఎండిన బురదవలె సన్నని బీటలు కలవని ఒకరు కనిపెట్టగా, వానిని గుర్తించుటకు యంత్రమునకు శిక్షణ నిచ్చిరి. 2023లో ఇరువురు విద్యార్థులు, ఒకరి పని ఒకరెరుగకయే, ఒకే మాటను చదివిరి. అది ఊదారంగును తెలుపు గ్రీకు పదము. 2024 తొలినాళ్ళకు అదే చుట్టలో రెండువేలకు పైగా అక్షరములు తేలెను.

పారిస్ నగరమునకు చెందిన ఆ చుట్టను ఎవరును విప్పలేదు.