ఆరబెట్టడంలోనే ఉంది అంతా

తలంటుకున్న రోజు జుట్టు ఇంకా చెమ్మగా ఉండగానే వదులుగా జడ అల్లుకుని పడుకుంటే, పొద్దున విప్పేసరికి వీపు మీదంతా అలలే. మన ఇళ్లలో ఆడపిల్లలందరికీ తెలిసిన సంగతిది. తడి జుట్టును గొట్టాల్లాంటి రోలర్లకు చుట్టి ఆరబెట్టే రోలర్ సెట్టింగ్ కూడా ఆ కోవలోదే. జడ వల్ల వచ్చే అల దానిష్టం వచ్చిన చోట వంగుతుంది. రోలర్‌తో అయితే మనం కోరిన చోట, కోరినంత వెడల్పున వంపు తెచ్చుకోవచ్చు.

కిటుకంతా నీళ్లది. వెంట్రుక కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. ఆ ప్రొటీన్ పోగులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు తడవగానే విడిపోతాయి, ఆరేటప్పుడు మళ్లీ ముడిపడతాయి. ఆ సమయానికి వెంట్రుక ఏ వంపులో ఉంటే ఆ వంపే ఖాయమవుతుంది. డైసల్ఫైడ్ బంధాలని ఇంకో రకం ఉన్నాయి. వాటిని నీళ్లు ఏమీ చేయలేవు. రసాయనాలతో వాటిని విడదీసి కొత్త ఆకారంలో కలిపితే అది పర్మింగ్, నెలల తరబడి ఉంటుంది. రోలర్ వంపు మాత్రం మళ్లీ తలస్నానం చేసేదాకానే. నాకు ఈ పద్ధతి మీద ఇష్టం కలిగింది సరిగ్గా అందుకే. నచ్చకపోతే నాలుగు చెంబుల నీళ్లతో మన జుట్టు మనకు తిరిగొస్తుంది.

1960ల్లో అమెరికా అధ్యక్షుడి భార్య జాక్వెలిన్ కెనడీకి ఎత్తుగా, నిండుగా జుట్టు తీర్చిన న్యూయార్క్ నిపుణుడు కెనెత్ బాటెల్ పెద్ద పెద్ద రోలర్లతోనే ఆ పని చేశారు. అదే నగరంలో వాషింగ్టన్ హైట్స్ అనే పేటలో డొమినికన్ మహిళల సెలూన్లున్నాయి. అక్కడా తడి జుట్టును పెద్ద రోలర్లకు చుట్టి, తల మీదికి దించే డ్రయ్యర్ కింద కూర్చోబెడతారు. అయితే వాళ్లు కోరేది బిగుతైన రింగుల జుట్టు సాఫీ కావడం! ఒకే రోలర్ సాఫీ జుట్టుకు అలలు తెస్తుంది, రింగుల జుట్టును సాఫీ చేస్తుంది. ఆరేటప్పుడు ఉన్న ఆకారమే నిలుస్తుందన్న సూత్రానికి ఇంతకంటే మంచి రుజువు నాకు కనబడలేదు.

ఇంట్లో మొదలుపెట్టేవాళ్లు రోలర్లు కొనడం మీద పెట్టిన శ్రద్ధ ఆరబెట్టడం మీద పెట్టరు. నిజానికి చుట్టేటప్పుడు పాటించే నియమాలన్నీ జుట్టు సరిగ్గా ఆరడం కోసమే. ముందుగా నూనె పూర్తిగా వదిలేలా తలంటుకోవాలి, జిడ్డు మిగిలితే వంపు జారిపోతుంది. తువ్వాలుతో అద్ది, చిక్కు తీసి, పాయలు విడదీయండి. నెత్తి మీద పాయ తీసిన చోటు పొడవు, వెడల్పు రోలర్‌ను మించకూడదు. పాయను కుదురు దగ్గర నిటారుగా పైకెత్తి దువ్వి, కొసను పల్చటి కాగితంలో పెట్టి చుట్టడం మొదలెట్టాలి. కాగితం లేకపోతే కొస మడతపడి, ఆరాక అలాగే వంకరగా నిలబడుతుంది. పూర్తి వలయం కావాలంటే రోలర్ చుట్టూ రెండున్నర చుట్లు పడాలి, ఒకటిన్నర పడితే అల మాత్రమే వస్తుంది. నడుము దాటిన జుట్టుకు సన్న రోలర్లు వద్దు. చుట్టు మీద చుట్టు పడి లోపలి పొరకు గాలి తగలదు. లావు రోలర్లు, పల్చటి పాయలు మేలు. తడి వెంట్రుక పొడిదానికంటే ఎక్కువ సాగుతుంది కాబట్టి నొప్పెట్టేలా లాగకండి. కుదుళ్లను పదే పదే అలా లాగితే పాపిడి దగ్గర జుట్టు పల్చబడుతుంది.

వంపు నిలవడానికి అవిసె గింజల జిగురు చాలు. నీళ్లలో మరిగించి, వేడిగా ఉండగానే వడగట్టి, చల్లారాక కొద్దిగా రాసుకోవాలి. దట్టంగా రాస్తే అదీ ఆరదు.

ఇక అసలు పని. డ్రయ్యర్ వాడితే జానెడు దూరంలో పట్టుకుని, ఒకేచోట ఆపకుండా తిప్పుతూ ఉండాలి. పైన పొడిగా తగిలినంత మాత్రాన నమ్మకండి. వెచ్చటి జుట్టులో చెమ్మ చేతికి తెలియదు. పూర్తిగా చల్లారాక వెనక వైపు రోలర్ ఒకటి విప్పి చూడండి, చెమ్మగా తగిలితే మళ్లీ చుట్టేయండి. ఓపిక పట్టలేక తడి జుట్టు మీద కర్లింగ్ ఐరన్ పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. వెంట్రుక లోపలి నీరు ఆవిరై బుడగలు కడుతుంది, వెంట్రుక అక్కడే విరుగుతుంది.

గాలిలో తేమ కూడా ఈ బంధాలను సడలిస్తుంది. వేసవిలో అనంతపురంలో సాయంత్రం దాకా నిలిచే వంపు విశాఖ సముద్రతీరంలో అంతసేపు నిలవదు. తీరంలో ఉండేవాళ్లు అనుకున్నదానికంటే ఒక సైజు చిన్న రోలర్ వాడితే, కాస్త సడలాక కావలసిన వెడల్పుకు వస్తుంది. విప్పాక దువ్వెన పెట్టకుండా వేళ్లతోనే విడదీయండి. పెళ్లికి వెళ్తూ మల్లెదండ పెట్టుకుంటే, దాని మీద చిలకరించిన నీళ్లు ముందు పొడిగుడ్డతో అద్దేయండి. తడి తగిలిన చోట వంపు ముందుగా విడిపోతుంది.