గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి మనకి అర్హత ఉందా? కాలేజీ పేరు కాదు, ఈ నాలుగు చూసుకోండి

పొందూరు నుంచి మళ్లీ వచ్చేశాను. ఈ మధ్య చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటే అడుగుతున్నారు: "అన్నా, గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అంటున్నారు కదా, అది ఐఐటీ వాళ్లకేనా? మాది మామూలు డిగ్రీ కాలేజీ, రెండు బ్యాక్‌లాగ్‌లు కూడా ఉన్నాయి. అప్లై చెయ్యొచ్చా?"

చెయ్యొచ్చు. ఆ రూల్స్‌లో కాలేజీ ర్యాంకు లేదు, సీజీపీఏ లేదు, బ్రాంచ్ లేదు. మరి ఏటి చూస్తారు? అదే ఈరోజు చెప్తాను.

ముందు ఇది ఏటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 2005లో గూగుల్ మొదలుపెట్టింది. అందరం కలిసి రాసుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు ఉంటాయి కదా, వాటిని నడిపే సంస్థలు ఇందులో చేరతాయి. మీకు ఒక మెంటార్‌ని ఇస్తాయి. మన ఊళ్లో నూలు వడకడం ఎవరూ పుస్తకం చదివి నేర్చుకోలేదు, తెలిసినోళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఇదీ అంతే, కాకపోతే ఆ పక్కన కూర్చోవడం ఆన్‌లైన్‌లో.

ఇప్పుడు నాలుగు రూల్స్.

ఒకటి, వయసు. రిజిస్టర్ అయ్యే రోజుకి 18 ఏళ్లు నిండాలి. మనవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఎచ్చెర్లలో మన శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ ఉంది కదా, అక్కడ పదో తరగతి అవ్వగానే చేరతారు. రెండేళ్లు పీయూసీ, తర్వాత నాలుగేళ్లు బీటెక్. పీయూసీలో ఉన్న తమ్ముడు యూనివర్సిటీలోనే ఉన్నాడు, కోడింగ్ కూడా వచ్చు, కానీ 18 నిండలేదు. కుదరదు. పాలిటెక్నిక్ డిప్లొమా పిల్లలకీ ఇదే లెక్క. 13 నుంచి 17 ఏళ్ల వాళ్ల కోసం గూగుల్ కోడ్-ఇన్ అని వేరే పోటీ ఉండేది, 2010లో మొదలై 2019తో ఆగిపోయింది. అలాగని ఖాళీగా కూర్చోవద్దు. ప్రోగ్రాంలో చేరడానికే 18 కావాలి, చాలా ప్రాజెక్టుల్లో చిన్న చిన్న బగ్‌లు సరిచెయ్యడానికి అక్కర్లేదు. ఇప్పుడు చేసిన పని రేపు ప్రపోజల్‌లో చూపించుకోవచ్చు.

రెండు, విద్యార్థి అయ్యుండాలి, లేకపోతే ఓపెన్ సోర్స్‌కి కొత్తవాళ్లయ్యుండాలి. 2021 దాకా విద్యార్థులకే ఉండేది. 2022 నుంచి మార్చారు. డిగ్రీ మధ్యలో ఆపేసి విశాఖలో ఉద్యోగం చేసుకుంటున్నారా? పెళ్లయ్యాక చదువు ఆగిపోయి ఇంట్లో ఫోన్‌లో, పాత ల్యాప్‌టాప్‌లో నేర్చుకుంటున్నారా? ఓపెన్ సోర్స్‌కి మీరు కొత్త అయితే అప్లై చెయ్యొచ్చు. ఉద్యోగం ఉన్నవాళ్లు మాత్రం, బయట పని చెయ్యడానికి మీ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి.

మూడు, మీరు ఉంటున్న దేశంలో పని చేసే హక్కు ఉండాలి. మనం భారత పౌరులం, ఇక్కడే ఉంటున్నాం కాబట్టి ఇబ్బంది లేదు. కానీ అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదువుతున్న మన అన్నలు, అక్కలు ఉన్నారు. వాళ్లు సీపీటీ, ఓపీటీ లాంటి అనుమతి చూసుకోవాలి. కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగకుండా ముందుకెళ్లొద్దు, వీసా మీదకొస్తుంది.

నాలుగు, ఎన్నిసార్లు. ఒక మనిషికి జీవితంలో రెండుసార్లే. సెలెక్ట్ అయితేనే లెక్కలోకి వస్తుంది. అప్లై చేసి రాకపోతే ఛాన్స్ పోయినట్టు కాదు, మళ్లీ వెయ్యండి.

ఇక్కడే ఎవరూ చెప్పని మెలిక ఒకటుంది. అవుట్‌రీచీ అని ఇంకో ప్రోగ్రాం ఉంది. 2006లో గ్నోమ్ ప్రాజెక్టు మహిళల కోసం మొదలుపెట్టిన పని నుంచి పుట్టింది. ఇప్పుడు టెక్ రంగంలో వివక్ష ఎదుర్కొన్నవాళ్లు, తక్కువ మంది కనిపించే వర్గాలవాళ్లు ఎవరైనా అప్లై చెయ్యొచ్చు. ఏ దేశంలో ఉన్నా 7,000 డాలర్లు ఇస్తారు. మూడు నెలలు, వారానికి 30 గంటలు. కానీ ఒకసారి సమ్మర్ ఆఫ్ కోడ్ చేసినవాళ్లని అవుట్‌రీచీ తీసుకోదు. అర్థమైందా? రెండింటికీ అర్హత ఉన్న చెల్లెళ్లు ముందు దేనికి వెయ్యాలో ఆలోచించుకుని వెయ్యండి. అవుట్‌రీచీలో కాలేజీ, ఉద్యోగం లేని ఖాళీ రోజులు కూడా లెక్కపెడతారు, కాబట్టి మీ సెమిస్టర్ తేదీలు దగ్గర పెట్టుకోండి.

డబ్బుల సంగతి. సమ్మర్ ఆఫ్ కోడ్‌లో మూడు సైజుల ప్రాజెక్టులు: 90, 175, 350 గంటలు. స్టైపెండ్ దేశాన్ని బట్టి మారుతుంది. మన దేశంలో ఉన్నవాళ్లకి ఇటీవలి సంవత్సరాల్లో 750, 1,500, 3,000 డాలర్లు ఇస్తున్నారు. మధ్యలో ఒక పరీక్ష లాంటి సమీక్ష, అది పాసైతే 45 శాతం. చివరిది పాసైతే మిగతా 55 శాతం. పని చెయ్యకుండా పేరు పెట్టుకుంటే ఏమీ రాదు.

తేదీలు చూసుకోండి. సంస్థల జాబితా సాధారణంగా ఫిబ్రవరి చివర్లో వస్తుంది, అప్లికేషన్లు మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో. జాబితా వచ్చాక మొదలుపెడితే ఆలస్యమే. ఏ సంస్థలు ఏళ్ల తరబడి వస్తున్నాయో చూసి ఇప్పుడే వాళ్ల పనిలో దిగండి. ఉదాహరణకి, మనం చదివే తెలుగు వికీపీడియాని నడిపించే వికీమీడియా ఫౌండేషన్ ఏళ్లుగా ఈ రెండు ప్రోగ్రాముల్లోనూ ఉంది. తెలుగు చదవడం, రాయడం వచ్చు అన్నది కూడా అక్కడ పనికొచ్చే విషయమే.

చివరిగా ఒక జాగ్రత్త. ఈ రెండింటికీ అప్లికేషన్ ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. "సీటు ఇప్పిస్తాం, రిజిస్ట్రేషన్‌కి అయిదు వేలు పంపండి" అని ఎవరైనా వాట్సాప్‌లో మెసేజ్ పెడితే బ్లాక్ చేసేయండి. రూల్స్ ఏటా కొంచెం మారతాయి, కాబట్టి వేసే ముందు ఆ సంవత్సరం నిబంధనల పేజీ మీరే ఒకసారి చదవండి. ఇంగ్లీషులో ఉందని భయపడొద్దు.

"మాలాంటోళ్లకి రాదులే" అని మనకి మనమే అనుకుని వదిలేస్తున్నాం చూడండి, ఆ మాట మాత్రం ఏ రూల్‌లోనూ రాసిలేదు. వచ్చే ఎపిసోడ్‌లో ప్రపోజల్ ఎలా రాయాలో చూద్దాం. ఈలోగా పుట్టినతేదీ, సెమిస్టర్ తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి. ఉంటాను మరి.