లోతుకు పోతే తియ్యటి నీళ్లా?

ఉద్యోగాలు అయిపోయాక, ఇక చెట్టూ నీళ్లూ ఉన్నచోట బతుకుదామని హైదరాబాదు, విజయవాడల నుంచి తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు వచ్చేవాళ్లు నా ఎరుకలోనే చాలామంది ఉన్నారు. మంచి ఆలోచనే. కానీ స్థలం చూడటానికి వచ్చిన ప్రతివాళ్ల చెవిలో ఒక మాట పడుతోంది: "పైన కాస్త ఉప్పు తగిలితే భయపడకండి, బోరు ఇంకో వంద అడుగులు దింపితే కొబ్బరినీళ్లే." ఈ ఒక్క మాట చేస్తున్న చెరుపు చూడలేకే ఇది రాస్తున్నాను.

మా బంధువు ఒకాయన బాపట్ల నుంచి సూర్యలంక వెళ్లే వైపు పన్నెండు సెంట్లు కొన్నాడు. ఇరవై అడుగుల్లోనే తియ్యటి నీళ్లు పడ్డాయి. ధార సన్నగా ఉందని, లోతుకు పోతే పుష్కలంగా వస్తాయని ఎవరో చెబితే 180 అడుగుల బోరు వేయించాడు. నీళ్లు పుష్కలంగానే వచ్చాయి. నెల తిరక్కుండా కుళాయి మూతుల చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. ఎండలు ముదిరేసరికి కొబ్బరి మొక్కల ఆకుల కొసలు సెగ తగిలినట్టు మాడిపోయాయి. పక్క చేలో వేరుశనగ వేసుకునే రైతు ఫిల్టర్ పాయింటు కూడా ఆ ఏడే ఉప్పెక్కింది. మావాడికి విజయవాడలో ఇల్లుంది, తిరిగి వెళ్లిపోగలడు. ఆ రైతు ఎక్కడికి పోతాడు?

రాయలసీమలోనో తెలంగాణలోనో రాతినేల మీద బోర్లు వేయించినవాళ్ల అనుభవం వేరు. అక్కడ రాతి పగుళ్లలో నీటిని వెతుక్కుంటూ కిందికి పోతారు. ఆ లెక్క తీరప్రాంతానికి తెచ్చి పెట్టడంతోనే వచ్చింది ముప్పు. ఉప్పునీరు మంచినీటి కంటే బరువు. ఇసుకలోకి ఇంకిన వాననీరు ఆ ఉప్పునీటి మీద, పాల మీద మీగడలా తేలుతుంది. మీగడను పైనుంచి తీసుకుంటామే గాని గిన్నె అడుగున గరిట పెట్టం కదా. నెదర్లాండ్స్‌లో ఘైబెన్, జర్మనీలో హెర్జ్‌బెర్గ్ వందేళ్లకు పైనే దీన్ని లెక్కకట్టి చూపించారు. సముద్ర మట్టం కంటే మంచినీరు ఒక అడుగు ఎత్తున ఉంటే, ఆ మట్టానికి కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. పైన ఆ ఒక్క అడుగూ తోడేస్తే కింది ఉప్పు 40 అడుగులు పైకి వస్తుంది. పెద్ద మోటారు పెట్టి గంటల తరబడి లాగితే బోరు కిందనే ఉప్పు గోపురంలా లేస్తుంది. ఒకసారి ఎక్కిన ఉప్పు దిగాలంటే ఎన్ని వానాకాలాలు పడతాయో చెప్పలేం.

"మాది సముద్రానికి ఇరవై కిలోమీటర్లు, మాకేం?" అంటారు ఇంకొందరు. ఈ కృష్ణా డెల్టాలో చాలా భాగం కొన్ని వేల ఏళ్ల కిందట సముద్రమే. కృష్ణ ఒండ్రు తెచ్చి పూడ్చింది. ఆనాటి ఉప్పు లోపలి బంకమట్టి పొరల్లో ఇంకా ఉంది. దాన్ని కదిలించడానికి సముద్రం దగ్గరగా ఉండక్కర్లేదు, లోతైన బోరు చాలు.

ఇక్కడి పాతవాళ్లకు ఇది బాగా తెలుసు. బాపట్ల ఇసుక నేలల్లో దొరువు ఉండేది. ఇసుకలో వాలుగా తవ్విన గుంట అది. ఆ వాలు మీదుగా దిగి, రెండు చేతులా బిందెలు ముంచి, పైకొచ్చి నారుమళ్లకు పోసేవాళ్లు. పొద్దున తోడిన నీరు సాయంత్రానికి మళ్లీ ఊరేది. అంతకంటే ఎక్కువ ఎవరూ అడిగేవాళ్లు కాదు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఈ దొరువునే మెరుగుపరిచారు. తక్కువ లోతులో చిల్లుల గొట్టాలు అడ్డంగా పరచి, వాటి నీరు మధ్యనున్న బావిలోకి చేరేలా చేసి, చిన్న మోటారుతో తోడటం ఆ పద్ధతి. నీరు పైపై నుంచే వస్తుంది, ఉప్పు కదలదు. మన ఊళ్లోనే పుట్టిన ఇంత మంచి ఉపాయాన్ని వదిలేసి 200 అడుగుల బోరు వెంట పడటం చూస్తే కడుపు మండుతుంది.

ఆర్వో పెట్టుకుంటే సరిపోతుందంటారా? తాగడానికి సరే. స్నానానికీ మొక్కలకూ ఎన్ని లీటర్లు వడకడతారు? అది బయటికి వదిలే గాఢమైన ఉప్పునీరు మళ్లీ మీ పెరట్లోకే ఇంకుతుంది.

ఇక్కడికి వచ్చేవాళ్లు వినే మాటలు ఇంకొన్ని ఉన్నాయి. కాలువ పక్కన ఇల్లుంటే నీటికి లోటు లేదనేదీ నిజం కాదు. పశ్చిమ డెల్టా కాలువలన్నీ ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలితేనే పారతాయి, వేసవిలో కట్టేస్తారు. పచ్చగా ఉంటే చల్లగా ఉంటుందనేది మే నెలలో ఒక్క మధ్యాహ్నం ఉంటే పోతుంది. రేపల్లె దారి లేని చివరి ఊరనేవాళ్లు పెనుమూడి వంతెన దాటి అవనిగడ్డ వెళ్లి చూడండి. చిన్న ఊళ్లలో ఒకే రకం మనుషులుంటారన్నది మరీ అన్యాయం. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభలో స్త్రీ పాత్రలు వేసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. వ్యవసాయ కళాశాల విద్యార్థులు, నిజాంపట్నం మత్స్యకారులు, స్టూవర్టుపురం ఎరుకల కుటుంబాలు కలిసి బతికే సీమ ఇది.

ఒక్క భయాన్ని మాత్రం కొట్టిపారేయలేను, అది తుఫాను. 1977 నవంబరు ఉప్పెనను ఇక్కడి పెద్దలు ఇంకా మర్చిపోలేదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. రేపల్లె వైపు సముద్రంతో పాటు కృష్ణ కరకట్టను కూడా చూసుకోవాలి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద కిందికి వచ్చింది. అందుకే పునాది ఎత్తు, దగ్గరి మురుగు కాలువ పూడిందా పారుతోందా అన్నవి తప్పక చూసుకోండి. తీరానికి 500 మీటర్ల లోపు స్థలమైతే సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) ఆంక్షలు కనుక్కోకుండా కొనకండి.

తెనాలిలో ఉండి విజయవాడకు రైల్లో రోజూ వెళ్లిరావచ్చు, మున్సిపాలిటీ నీళ్లుంటాయి. రోజూ నగరంతో పనిబడేవాళ్లకు నేను తెనాలే చెబుతాను. సముద్రం, ఇసుక, సరుగుడు తోటలు కావాలంటే బాపట్ల. అక్కడ ఇల్లు కడితే పైకప్పు వాననీటిని ఇంకుడు గుంతలోకి మళ్లించండి, చిన్న మోటారు పెట్టండి, వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకున్నాకే బోరు వేయించండి. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని భారత ప్రమాణం. ఇంకో వనరు లేకపోతేనే 2000 దాకా ఒప్పుకుంటారు. కొలిచే చిన్న మీటరు ఎక్కడైనా దొరుకుతుంది.

అడ్వాన్సు ఇచ్చే ముందు మే నెలలో ఒకసారి వెళ్లండి. ఆ స్థలం పక్కింటి తలుపు తట్టి, వాళ్ల బోరు నీళ్లు ఒక గ్లాసు అడిగి తాగి చూడండి.