పాఠం 14: డైనమోడీబీలో కీ ద్వారా అంశాలను వెతకడం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- పార్టిషన్ కీ, సార్ట్ కీ చేసే పనులను వివరించగలుగుతారు.
- గెట్ ఐటమ్, క్వెరీ, స్కాన్‌ల మధ్య తేడా చెప్పగలుగుతారు.
- ఫిల్టర్ పెట్టినా ఖర్చు ఎందుకు తగ్గదో లెక్క వేసి చూపగలుగుతారు.
- ఫలితాలు భాగాలుగా వచ్చినప్పుడు ఏ జాగ్రత్త తీసుకోవాలో తెలుసుకుంటారు.

14.1 ప్రస్తావన

రిలేషనల్ డేటాబేసుల గురించి, ఎస్‌క్యూఎల్ భాష గురించి మీరు ఇదివరకే చదువుకున్నారు. అక్కడ పట్టికలోని ఏ కాలమ్ మీదనైనా షరతు పెట్టి సమాచారం అడగవచ్చు. సమాధానం ఆలస్యంగా రావచ్చు గాని అడగడానికి అడ్డు లేదు. కీ ఆధారంగా పనిచేసే నోఎస్‌క్యూఎల్ డేటాబేసుల్లో పరిస్థితి వేరు. ఏ ప్రశ్నలు అడగబోతున్నామో ముందుగా తేల్చుకొని, దానికి తగ్గట్టు పట్టికను నిర్మించాలి.

అమెజాన్ సంస్థ తన అంతర్గత అవసరాలకు తయారుచేసుకున్న డైనమో అనే నిల్వ వ్యవస్థను వివరిస్తూ 2007లో ఒక పరిశోధన పత్రం ప్రచురించింది. షాపింగ్ కార్ట్ వంటి సేవలకు ఒక కీ ఇచ్చి దాని విలువను తెచ్చుకోవడం తప్ప పెద్దగా వేరే అవసరం ఉండదన్నది అందులోని ముఖ్య పరిశీలన. ఆ అనుభవం నుంచి వచ్చిన క్లౌడ్ సేవ డైనమోడీబీ. 2012 జనవరిలో ఇది అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఈ పాఠంలో దీన్నే ఉదాహరణగా తీసుకుందాం.

14.2 ప్రాథమిక కీలోని రెండు భాగాలు

ఒక విద్యుత్ కార్యాలయం మీటరు రీడింగులను దాచే పట్టికను ఊహించుకోండి. అందులోని ప్రతి నమోదును ‘అంశం’ అంటాం. మూడు అంశాలు ఇలా ఉన్నాయి:

| సర్వీసు నంబరు | రీడింగు తేదీ | సంవత్సరం | ప్రాంతం | వాడిన కరెంటు |
|---|---|---|---|---|
| 1047 | 2023-03-05 | 2023 | ఉత్తరం | 112 |
| 1047 | 2023-04-05 | 2023 | ఉత్తరం | 148 |
| 2210 | 2023-04-06 | 2023 | దక్షిణం | 96 |

ఇక్కడ సర్వీసు నంబరును పార్టిషన్ కీగా, రీడింగు తేదీని సార్ట్ కీగా పెట్టామనుకుందాం. రెండూ కలిస్తే ప్రాథమిక కీ. ఏ రెండు అంశాలకూ ఈ జంట ఒకటే కాకూడదు. అదే జంటతో మరో అంశాన్ని మామూలుగా రాస్తే పాత అంశం పోయి కొత్తది దాని స్థానంలోకి వస్తుంది.

డైనమోడీబీ పార్టిషన్ కీ విలువను ఒక హాష్ ఫంక్షన్‌కు ఇస్తుంది. ఆ ఫలితాన్నిబట్టి అంశం ఏ పార్టిషన్‌లో, అంటే ఏ నిల్వ భాగంలో ఉండాలో తేలుతుంది. ఒకే సర్వీసు నంబరు ఉన్న అంశాలు ఒకదాని పక్కన ఒకటి, తేదీల వరుసలో అమరి ఉంటాయి. సర్వీసుకొక పేజీ కేటాయించిన లెడ్జరును గుర్తు తెచ్చుకోండి. సర్వీసు నంబరు మనను సరైన పేజీకి చేరుస్తుంది. తేదీ ఆ పేజీలో సరైన వరుసకు చేరుస్తుంది. అయితే ‘మార్చిలో వచ్చిన రీడింగులన్నీ’ అని అడిగితే లెడ్జరులోని ప్రతి పేజీ తిప్పవలసిందే.

పార్టిషన్ కీకి వీలైనన్ని వేర్వేరు విలువలు ఉండాలి. పై ఉదాహరణలో తేదీనే పార్టిషన్ కీగా పెడితే, ఒకే రోజు వచ్చే రీడింగులన్నీ ఒకే కీ కిందకు చేరతాయి. ఒక పార్టిషన్ సెకనుకు 3000 రీడ్ యూనిట్లు, 1000 రైట్ యూనిట్ల వరకే ఇవ్వగలదు. మిగతా పార్టిషన్లు ఖాళీగా ఉన్నా ఆ ఒక్కచోట రద్దీ పెరిగి అభ్యర్థనలు తిరస్కరణకు గురవుతాయి.

మరో సంగతి. పట్టిక సృష్టించాక దాని ప్రాథమిక కీని మార్చడం సాధ్యం కాదు. పొరపాటు జరిగితే కొత్త పట్టిక తయారుచేసి డేటా అంతా అందులోకి తరలించాలి. కీ ఎంపిక మీద ఇంత శ్రద్ధ పెట్టడానికి కారణం ఇదే.

14.3 గెట్ ఐటమ్, క్వెరీ

ఒకే ఒక్క అంశం కావాలంటే గెట్ ఐటమ్ వాడతాం. దీనికి ప్రాథమిక కీని పూర్తిగా ఇవ్వాలి. పై పట్టికలో సర్వీసు నంబరు 1047 అని మాత్రమే ఇస్తే, కీ పట్టిక నిర్మాణానికి సరిపోలేదని తప్పు చూపిస్తుంది. తేదీ కూడా ఇవ్వాలి. కొత్తగా నేర్చుకునేవారు తరచుగా తడబడే చోటు ఇది.

ఒక పార్టిషన్ కీ కింద ఉన్న పలు అంశాలు కావాలంటే క్వెరీ వాడతాం. క్వెరీలో పార్టిషన్ కీకి ‘సమానం’ అనే షరతు తప్పనిసరి. ‘1047 కంటే ఎక్కువ ఉన్న సర్వీసులు’ అని అడగడం కుదరదు. హాష్ చేసిన తరవాత 1047, 1048 పక్కపక్కనే ఉంటాయన్న హామీ లేదు కాబట్టి ‘కంటే ఎక్కువ’ అన్న మాటకు అక్కడ అర్థం ఉండదు.

సార్ట్ కీ మీద షరతు పెట్టడం మన ఇష్టం. వరుసలో అమరి ఉంటుంది కనుక ఈ షరతులు చెల్లుతాయి:
- సమానం, కంటే తక్కువ, కంటే ఎక్కువ, తక్కువ లేదా సమానం, ఎక్కువ లేదా సమానం
- రెండు విలువల మధ్య (రెండు హద్దులూ కలిపి)
- ఫలానా అక్షరాలతో మొదలయ్యేవి

ఉదాహరణకు, సర్వీసు నంబరు 1047కి సమానం, రీడింగు తేదీ ‘2023-’తో మొదలవుతుంది అని అడిగితే ఆ సంవత్సరపు రీడింగులు వస్తాయి. ఫలితాలు మామూలుగా చిన్న విలువ నుంచి పెద్ద విలువకు వస్తాయి. అన్నిటికంటే తాజా రీడింగు ఒక్కటే కావాలంటే వరుసను తిరగేసి, పరిమితి 1 అని పెడితే సరిపోతుంది.

తేదీని అక్షరమాలగా దాచినప్పుడు పోలిక కూడా అక్షరాల వరుసలోనే జరుగుతుంది. ‘2023-4-5’ అని రాస్తే అది ‘2023-10-05’ తరవాతకు పోతుంది, ఎందుకంటే 4 అనే గుర్తు 1 కంటే పెద్దది. అందుకే నెలకు, రోజుకు రెండేసి అంకెలు రాయాలి. తేదీ పక్కన సమయం కూడా చేర్చి దాస్తే ఇంకో చిక్కు ఉంది. ‘2023-04-01 నుంచి 2023-04-30 మధ్య’ అని అడిగితే 30వ తేదీ ఉదయం 10 గంటల రీడింగు రాదు. వెనకాల సమయం ఉన్న అక్షరమాల, సమయం లేనిదానికంటే పెద్దది కావడమే కారణం.

14.4 ఫిల్టర్ ఏం చేస్తుంది?

క్వెరీకీ, పట్టిక మొత్తాన్ని చదివే స్కాన్‌కీ ఫిల్టర్ జోడించవచ్చు. ఎస్‌క్యూఎల్‌లోని వేర్ షరతుకు అలవాటుపడినవారికి రెండూ ఒకటేనని అనిపిస్తుంది. కాని ఫిల్టర్ పనిచేసేది అంశాలను చదివిన తరవాత, మనకు పంపే ముందు. వదిలేసిన అంశాలను చదివినందుకు కూడా లెక్క పడుతుంది.

లెక్కలో చూద్దాం. పట్టికలో 1,00,000 సర్వీసులు ఉన్నాయనీ, ఒక్కోదానికి 10 ఏళ్ల నెలవారీ రీడింగులు 120 చొప్పున ఉన్నాయనీ అనుకుందాం. మొత్తం 1,20,00,000 అంశాలు. ఒక్కో అంశం 200 బైట్లు. 4 కేబీ వరకు చదివితే ఒక రీడ్ యూనిట్ ఖర్చవుతుంది. ఇప్పుడే రాసినది ఒక క్షణం ఆలస్యంగా కనిపించినా ఫరవాలేదనుకునే ఈవెంచువల్ పద్ధతిలో అందులో సగమే. క్వెరీలో అంశాల పరిమాణాలన్నీ కలిపి, ఆ మొత్తాన్ని 4 కేబీల లెక్కకు పైకి సవరిస్తారు. 1047 సర్వీసుకు 2023లో వచ్చిన 12 రీడింగులను ఈ ఈవెంచువల్ పద్ధతిలో మూడు విధాలుగా తెచ్చుకోవచ్చు:

| విధానం | చదివిన అంశాలు | చేతికి వచ్చినవి | రీడ్ యూనిట్లు |
|---|---|---|---|
| సార్ట్ కీ షరతుతో క్వెరీ | 12 | 12 | 0.5 |
| పార్టిషన్ కీతో క్వెరీ, సంవత్సరం మీద ఫిల్టర్ | 120 | 12 | 3 |
| స్కాన్, సర్వీసు, సంవత్సరం మీద ఫిల్టర్ | 1,20,00,000 | 12 | సుమారు 2,93,000 |

మూడింటిలోనూ సమాధానం ఒకటే. అంశాలు పది, ఇరవై ఉన్న పరీక్షా పట్టికలో మూడూ రెప్పపాటులో పనిచేస్తాయి కనుక తేడా బయటపడదు. డేటా పెరిగాక, బిల్లు వచ్చాక తెలుస్తుంది.

క్వెరీ ఫిల్టర్‌లో ప్రాథమిక కీ లక్షణాలను వాడనివ్వరు. రెండో విధానంలో తేదీకి బదులు ‘సంవత్సరం’ లక్షణం వాడింది అందుకే.

14.5 ఫలితాలు భాగాలుగా రావడం

ఒక క్వెరీ పిలుపులో చదవగలిగేది గరిష్ఠంగా 1 ఎంబీ. ఇంకా మిగిలి ఉంటే, ఎక్కడ ఆగిందో తెలిపే ‘చివరి కీ’ని ఫలితంతోపాటు పంపుతుంది. దాన్ని తరవాతి పిలుపులో ప్రారంభ కీగా ఇస్తే అక్కడి నుంచి చదవడం సాగుతుంది. చివరి కీ రానప్పుడే పని పూర్తయినట్టు.

దీన్ని మరిచిపోతే ఏమవుతుందో చూడండి. 15 నిమిషాలకొకసారి రీడింగు పంపే మీటరు ఉందనుకుందాం. రోజుకు 96 చొప్పున ఏడాదికి 35,040 అంశాలు. 200 బైట్ల చొప్పున దాదాపు 7 ఎంబీ, అంటే 7 పిలుపులు. మొదటి పిలుపుతోనే ఆగిపోయే ప్రోగ్రాము సుమారు 54 రోజుల వాడకాన్ని కూడి, అదే ఏడాది మొత్తమని చూపుతుంది. ఎక్కడా తప్పు సందేశం రాదు. నెలవారీ రీడింగులతో పరీక్షించినప్పుడు ఈ లోపం కనిపించదు.

ఫిల్టర్ ఉన్నప్పుడు ఒక భాగంలో ఒక్క అంశం కూడా రాకుండా చివరి కీ మాత్రమే రావచ్చు. ఖాళీగా వచ్చింది కదా అని ‘వివరాలు లేవు’ అని తేల్చకండి. అలాగే పరిమితి 10 అంటే పది అంశాలు పరిశీలించమని. ఫిల్టర్ తరవాత రెండే మిగలవచ్చు.

14.6 కీలో లేని ప్రశ్న వస్తే

‘ఉత్తర ప్రాంతంలో ఏప్రిల్ 5న వచ్చిన రీడింగులు’ కావాలంటే పై కీ పనికిరాదు. ఇలాంటప్పుడు గ్లోబల్ సెకండరీ ఇండెక్స్ ఏర్పరచుకోవచ్చు. ప్రాంతం పార్టిషన్ కీగా, తేదీ సార్ట్ కీగా అదే డేటాకు మరో అమరిక తయారవుతుంది. దీన్ని పట్టిక సృష్టించిన తరవాత కూడా చేర్చవచ్చు. అయితే ప్రతి రాతకు ఇండెక్స్ ఖర్చు అదనం. ఇండెక్స్ నుంచి చదివేది ఎప్పుడూ ఈవెంచువల్ పద్ధతిలోనే. ప్రాంతాలు కొద్దిగానే ఉంటే 14.2లో చెప్పిన రద్దీ సమస్య ఇక్కడా తలెత్తుతుంది. పార్టిషన్ కీ అదే ఉండి సార్ట్ కీ మాత్రం మారే లోకల్ సెకండరీ ఇండెక్స్‌ను పట్టికతోపాటే సృష్టించాలి, తరవాత చేర్చలేం.

14.7 సారాంశం

పార్టిషన్ కీ అంశం ఉండే చోటును, సార్ట్ కీ అక్కడి వరుసను నిర్ణయిస్తాయి. గెట్ ఐటమ్‌కు పూర్తి కీ కావాలి. క్వెరీకి పార్టిషన్ కీ సమానత్వం తప్పనిసరి, సార్ట్ కీ షరతు ఐచ్ఛికం. చదివే డేటాను తగ్గించేవి కీ షరతులు. ఫిల్టర్ మన చేతికి వచ్చేదాన్ని మాత్రమే తగ్గిస్తుంది. చివరి కీ వస్తున్నంతవరకు చదవడం ఆపకూడదు. అందుచేత పట్టిక నిర్మించేముందు, మీ ప్రోగ్రాము అడగబోయే ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పార్టిషన్ కీ మీద ‘కంటే ఎక్కువ’ షరతు ఎందుకు చెల్లదు?
2. ఒక పార్టిషన్ కీ కింద 200 బైట్ల అంశాలు 400 ఉన్నాయి. ఫిల్టర్ తరవాత 5 మిగిలాయి. ఈవెంచువల్ పద్ధతిలో ఎన్ని రీడ్ యూనిట్లు ఖర్చయ్యాయి?
3. మీ ఊరి గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకునేవారి వివరాలు దాచాలి. ‘ఒక సభ్యుడు ఈ ఏడాది తీసుకున్న పుస్తకాలు’ అన్న ప్రశ్నకు తగిన కీలు సూచించండి.

జవాబులు

1. అంశాలు హాష్ విలువనుబట్టి సర్దుకుంటాయి. వేర్వేరు పార్టిషన్ కీల మధ్య విలువల వరుస ఉండదు.
2. 400 అంశాలనూ చదివింది. మొత్తం 80,000 బైట్లు. 4 కేబీల లెక్కన 20 భాగాలు, అందులో సగం 10 రీడ్ యూనిట్లు. మిగిలినవి 5 కావడం లెక్కను మార్చదు.
3. సభ్యత్వ సంఖ్య పార్టిషన్ కీ, తీసుకున్న తేదీ సార్ట్ కీ. ఒకే రోజు రెండు పుస్తకాలు తీసుకుంటే రెండోది మొదటిదాన్ని చెరిపేయకుండా తేదీ వెనక పుస్తకం సంఖ్యను కూడా చేర్చాలి.