ఖీమా వంటకాలలో బంధకాలు, పూరకాల ఎంపిక

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• బంధకానికీ పూరకానికీ గల తేడాను వివరించగలుగుతారు.
• పచ్చి ఖీమాకు, ఉడికిన ఖీమాకు వేర్వేరు పద్ధతులు ఎందుకు అవసరమో చెప్పగలుగుతారు.
• వంటకానికి తగిన పదార్థాన్ని, తగిన మోతాదులో ఎంచుకోగలుగుతారు.

1. పరిచయం

ఖీమా ఉండలు నూనెలో వేయగానే విడిపోవడం మీలో చాలామందికి అనుభవమే. అప్పుడు వెంటనే తోచే ఉపాయం మరికొంత శనగపిండి కలపడం. నేను అధ్యాపక వృత్తిలో చేరిన కొత్తలో విద్యార్థులకు షామీ కబాబ్ చేసి చూపిస్తూ అదే పని చేశాను. మొదటి వాయి విడిపోయింది. పిండి కలిపాను. రెండో వాయి కొంత నిలిచింది. ఇంకా కలిపాను. మూడో వాయి చక్కగా నిలిచింది. కాని తిన్నవారికి మాంసం రుచి తెలియలేదు, బజ్జీ తిన్నట్లుంది. నిజానికి అక్కడ తక్కువైంది పిండి కాదు. మాంసం ఉడికిన నీరు పూర్తిగా ఇగరకముందే దించి రుబ్బడమే అసలు లోపం. కాబట్టి ఏ బంధకం కలపాలి అనే ప్రశ్నకు ముందు, పట్టు ఎందుకు తప్పింది అనే ప్రశ్న వేసుకోవాలి.

2. బంధకం, పూరకం

ముద్దలోని కణాలను ఒకదానితో ఒకటి అంటిపెట్టి ఉంచేది బంధకం. గుడ్డు ఇందుకు మంచి ఉదాహరణ. ముద్ద పరిమాణాన్ని పెంచి, నీటిని పట్టి ఉంచి, వంటకాన్ని మెత్తగా చేసేది పూరకం. నానబెట్టిన బ్రెడ్, ఉడికించిన బంగాళాదుంప, సోయా రవ్వ ఈ కోవకు చెందుతాయి. కొన్ని పదార్థాలు రెండు పనులూ చేస్తాయి. పుట్నాల పొడి (కొన్ని ప్రాంతాల్లో వేయించిన శనగపప్పు పొడి అంటారు) కొద్దిగా వేస్తే బంధకం, ఎక్కువ వేస్తే పూరకం.

3. పచ్చి ఖీమాలోని సహజమైన పట్టు

పచ్చి మాంసంలోనే ఒక బంధకం ఉంది. అది మయోసిన్ అనే మాంసకృత్తు. ఉప్పు వేసి పిసికినప్పుడు మయోసిన్ కొంత కరిగి బయటికి వచ్చి ఖీమాను జిగురుగా చేస్తుంది. వేడి తగిలినప్పుడు గట్టిపడి, ముక్కలను కలిపి ఉంచుతుంది. 500 గ్రాముల ఖీమాకు 7–8 గ్రాముల ఉప్పు వేసి, చేతికి అంటుకునేంతవరకు నాలుగైదు నిమిషాలు పిసకండి. ఖీమా చల్లగా ఉండాలి. వెచ్చబడితే కొవ్వు కరిగి పట్టు తగ్గుతుంది.

ఈ సహజమైన పట్టు రెండు కారణాల వల్ల దెబ్బతింటుంది. మొదటిది నీరు. కడిగిన ఖీమాను వడగట్టకపోయినా, ఉల్లిపాయ తరుగును పిండకుండా కలిపినా ముద్ద పలుచబడుతుంది. రెండవది పచ్చి బొప్పాయి. దీనిలోని పపైన్ అనే ఎంజైము మాంసకృత్తులను విడగొడుతుంది. మోతాదు మించినా, ఎక్కువసేపు నానినా మాంసం మెత్తబడడంతో ఆగదు, పట్టు కూడా పోతుంది.

ఈ జాగ్రత్తలు పాటిస్తే 500 గ్రాముల పచ్చి ఖీమాకు రెండు మూడు పెద్ద చెంచాల పుట్నాల పొడి సాధారణంగా సరిపోతుంది.

4. ఉడికిన మాంసం: షామీ కబాబ్

షామీ కబాబ్‌లో మాంసాన్ని శనగపప్పుతో ఉడికించి, ఆ తరువాత రుబ్బుతారు. ఉడికేటప్పుడే మయోసిన్ గట్టిపడిపోతుంది. మళ్లీ ఎంత పిసికినా జిగురు రాదు. అందుకే ఇక్కడ బయటి బంధకం తప్పనిసరి. ఉడికిన పప్పులోని పిండిపదార్థం ఆ పని చేస్తుంది, గుడ్డు తోడ్పడుతుంది. 500 గ్రాముల మాంసానికి 100–125 గ్రాముల శనగపప్పు చాలు. నీరు పూర్తిగా ఇగిరిన తరువాత, చల్లార్చి రుబ్బాలి.

5. పదార్థాల ఎంపిక

• పుట్నాల పొడి: ఇప్పటికే వేగి ఉంటుంది కాబట్టి పచ్చివాసన ఉండదు. తేమను వెంటనే పీల్చుకుంటుంది.
• శనగపిండి: పచ్చిది వేస్తే లోపల ఉడకక పచ్చివాసన మిగలవచ్చు. దోరగా వేయించి వాడండి.
• గుడ్డు: వేడికి గట్టిపడి పట్టునిస్తుంది. అయితే అది ద్రవం. ఇప్పటికే పలుచగా ఉన్న ముద్దను గుడ్డు ఇంకా పలుచన చేస్తుంది.
• నానబెట్టిన బ్రెడ్: రసాన్ని పట్టి ఉంచి ఉండను మెత్తగా చేస్తుంది. పులుసులో వేసే కోఫ్తాలకు అనుకూలం.
• సోయా రవ్వ: ఖర్చు తగ్గిస్తుంది, మాంసకృత్తులను ఇస్తుంది. దానికి సొంత పట్టు తక్కువ. నానబెట్టి గట్టిగా పిండి, బంధకంతో కలిపి వాడాలి.

ఏది ఎంచుకున్నా ముందుగా ఒక చిన్న ఉండను వేయించి చూడండి. ఉప్పు, పట్టు, మెత్తదనం మూడూ ఒక్కసారే తెలుస్తాయి.

6. వినియోగదారుడి పట్ల బాధ్యత

ఇంట్లో నలుగురికి సరిపోయే ఖీమాను ఆరుగురికి సరిపెట్టడానికి బంగాళాదుంప కలపడం తప్పు కాదు, అది పొదుపు. అదే వంటకాన్ని మాంసం ధరకు అమ్ముతూ ఆ సంగతి దాచడం మోసం. ఇందులో ఆరోగ్య సమస్య కూడా ఉంది. గోధుమ, గుడ్డు, సోయా, జీడిపప్పు కొందరికి పడవు. ప్యాకెట్లలో అమ్మే ఆహారంపై ఇటువంటి పదార్థాల వివరం ముద్రించాలని మన ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. చిన్న కర్రీ పాయింట్ నడిపేవారు కూడా అడిగినవారికి నిజం చెప్పగలగాలి.

మరొక జాగ్రత్త: మాంసాన్ని ఖీమా కొట్టినప్పుడు పైభాగాన ఉన్న సూక్ష్మజీవులు లోపలికీ చేరతాయి. పిండి కలిపిన ఉండ పైన త్వరగా ఎర్రబడుతుంది. దాన్ని చూసి ఉడికిందనుకోకండి. మధ్య భాగం 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి.

7. సారాంశం

పచ్చి ఖీమాకు తన పట్టు తనకే ఉంది. దానిని కాపాడితే బంధకం కొద్దిగా చాలు. ఉడికిన మాంసం ఆ పట్టును కోల్పోయి ఉంటుంది కాబట్టి బంధకం తప్పదు. నీరు ఎక్కువైతే ముందు నీటిని తగ్గించాలి, పిండి పెంచడం ఆ తరువాతి మాట.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. షామీ కబాబ్ ముద్దను ఎంత పిసికినా జిగురు ఎందుకు రాదు?
2. పచ్చి బొప్పాయి మోతాదు మించితే ఏమవుతుంది?
3. మీ ఇంట్లో ఖీమా ఉండలకు ఏమి కలుపుతారో అడిగి తెలుసుకోండి. అది బంధకమా, పూరకమా, రెండూనా? కారణాలతో రాయండి.