సరుగుడు: మిల్లు అడవి రైతు ఇసుకలోనే

కళింగపట్నం: వంశధార సముద్రంలో కలిసే ఈ తీరంలో సరుగుడు కర్రకు గిరాకీ రెండు వైపుల నుంచి వస్తుంది. బెరడు తీసిన కర్ర టన్ను లెక్కన రాజమహేంద్రవరం, రాయగడ కాగితపు మిల్లులకు పోతుంది. నిటారుగా పెరిగిన బాదులు సెంట్రింగ్ పనికి విడిగా అమ్ముడవుతాయి. కొట్టిన కర్ర ఎండేకొద్దీ తూకం తగ్గుతుంది. లారీ వారం ఆలస్యమైతే ఆ తరుగు రైతు ఖాతాలోనే పడుతుంది.

మిల్లులకు సొంత అడవులు లేవా అని పాఠకులు అడగవచ్చు. విదేశాలలో కొన్ని కాగితపు కంపెనీలు తమ సొంత భూమిలోనే నరుకుడు, నాటుడు, అడవి బాటలు అన్నింటినీ ఒకే పద్దులో నడుపుకుంటాయి. మన రాష్ట్రంలో 1973 భూసంస్కరణల చట్టం మెట్ట కమతానికి 35 నుంచి 54 ఎకరాల హద్దు పెట్టింది. 1975లో ఏర్పడిన అటవీ అభివృద్ధి సంస్థ ప్రభుత్వ కంపెనీ. ముడిసరుకు కోసం మిల్లులు రైతుల వద్దకే వెళ్లాలన్నది 1988 జాతీయ అటవీ విధానం. ఆ విధంగా మిల్లు అడవి రైతు ఇసుకలో చేరింది.

చిక్కు చెట్టు స్వభావంలో ఉన్నది. నీలగిరి, సుబాబుల్ నరికితే మోడు మళ్లీ చిగురిస్తుంది. తీరపు సరుగుడు అలా చిగురించదు. నాలుగైదేళ్లకు ఒకసారి కొట్టి, మళ్లీ నారు కొనవలసిందే. కోతనాటి ధర పడిపోతే నాటడం వాయిదా పడుతుంది. కామర్సు చదివినవాడికి ఇది తరుగుదల నిధి లేని యంత్రంలా కనిపిస్తుంది.

నష్టం తోటతో ఆగదు. పది మీటర్ల చెట్ల వరుస తన వెనుక సుమారు వంద నుంచి రెండు వందల మీటర్ల వరకు గాలి వేగాన్ని తగ్గిస్తుంది. ఆ చాటునే కొబ్బరి, జీడి నిలబడతాయి. 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్ ఈ జిల్లాను తాకినవే.

తోటలో బండి బాట కూడా లెక్కలోకి రావాలి. కర్ర మోయడానికి, వేటకు వెళ్లేవారు కడలికి చేరడానికి అది అవసరమే. అయితే సముద్రం నుంచి తిన్నగా తీస్తే గాలికి గొట్టమవుతుంది, ఏటవాలుగా తీయాలి. సముద్రం వైపు వరుసలు కొట్టకుండా ఉంచి, మిగతా తోటను భాగాలు చేసి ఏటా ఒకటి కొట్టి నాటడం ఎరిగిన పద్ధతే. ఎకరం, రెండెకరాల రైతు ఒక్కడే ఇది చేయలేడు, పక్కవారితో కలిస్తేనే సాగుతుంది.

కాటా మీదికి వచ్చేది కొట్టిన కర్రే. నిలబెట్టిన వరుసల ఖర్చు ఎవరు భరించాలన్నది మిల్లుతో ధర మాట్లాడేనాడే తేల్చుకోవలసిన విషయం.